ఒక్క మస్టరు

ల్యాంపు రూం కిటికీ దగ్గర సదానందం మొహాలు చూడడు, చేతులు చూస్తాడు. ముప్పై ఏళ్ల అలవాటది. బొగ్గుబాయిలోకి దిగే మనిషి తన ఇత్తడి బిళ్ల తెచ్చి గట్టు మీద పెడతాడు. బిళ్ల మీద ఏ నంబరుంటే ల్యాంపు మీదా అదే నంబరు. సదానందం బిళ్లను మేకుకు తగిలించి, ల్యాంపు తీసి, ఒకసారి వెలిగించి ఆర్పి, ఆ చేతిలో పెడతాడు. షిఫ్టు అయి పైకి వచ్చినవాడు ల్యాంపు అప్పజెప్పి బిళ్ల తీసుకుపోతాడు. మేకుకు బిళ్ల మిగిలిందంటే మనిషి ఇంకా భూమి కిందే ఉన్నట్టు. ఆ సంగతి తేలేదాకా ల్యాంపు రూం మనిషి ఇంటికి పోయేది లేదు.

ఆ మంగళవారం మొదటి షిఫ్టు వాళ్లంతా దిగిపోయాక గట్టు మీదికి బిళ్ల లేని చెయ్యి ఒకటి వచ్చింది. సన్నటి చెయ్యి, చూపుడు వేలికి సిరా. ఆ చేతిలో మేనేజరు సంతకం పెట్టిన కాయితం ఉంది.

"సదానందం గారంటే మీరేనా అండీ?"

పాతికేళ్లు దాటిన అమ్మాయి. పేరు అనూహ్య అని చెప్పింది. హైదరాబాదు నుంచి వచ్చిందట. వాళ్ల నాన్న బాబూరావు ఒకప్పుడు ఇక్కడే ఇంజనీరట, తను పదేళ్లు వచ్చేదాకా ఆఫీసర్ల కాలనీలోనే పెరిగిందట. అందుకేనేమో బొగ్గు దుమ్ము పట్టిన స్టూలు మీద తుడవకుండానే కూర్చుంది. కూర్చుని, ఓదెలు గురించి మాట్లాడాలని వచ్చానంది.

సదానందం చేతిలో పాత గుడ్డ ఉంది. అప్పటికే తుడిచిన ల్యాంపునే మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు.

ఓదెలు అదే బాయిలో పనిచేసినవాడు. మూడేళ్ల కింద, సమ్మక్క జాతర నాడు, కమాన్‌పూర్ దగ్గర వాళ్ల పాలివాళ్ల ఇంట్లో ముగ్గురిని చంపాడని కేసు. అందులో ఒకతి ఆరేళ్ల పిల్ల. కింది కోర్టు పోయినేడు ఉరిశిక్ష వేసింది. ఇప్పుడది హైకోర్టులో ఉంది. వచ్చే నెలలో విచారణ.

అనూహ్య తన పనేమిటో వివరంగా చెప్పింది. నేరం చేశాడా లేదా అన్నది తన పని కాదట, అది వకీళ్లు చూసుకుంటారట. ఓదెలు ఎలాంటి మనిషి, ఎలా పెరిగాడు, తోటివాళ్లతో ఎలా ఉండేవాడు, అదంతా కనుక్కుని రిపోర్టు రాసి కోర్టుకు ఇవ్వడం తన పని.

"కింది కోర్టులో ఆ మాటే ఎవరూ అడగలేదండీ. చంపెయ్యమని రాసేముందు ఎవర్ని చంపుతున్నామో తెలియాలి కదా," అంది.

ఆ మాట విన్నాక సదానందానికి ఊపిరి కొంచెం ఆడింది. ఈ అమ్మాయి ఆ రోజు సంగతి అడగడానికి రాలేదు. క్యాంటీన్ నుంచి చాయ్ తెప్పించాడు. తుడుస్తున్న ల్యాంపు పక్కన పెట్టి చెప్పడం మొదలుపెట్టాడు.

చాలా చెప్పాడు. ఓదెలు తాగడని చెప్పాడు. తండ్రి బాయిలో పోతే ఆ ఉద్యోగం ఓదెలుకు వచ్చిందనీ, మొదటి నెల బాయిలోకి దిగేటప్పుడు కాళ్లు వణికేవనీ, అయినా ఒక్కనాడు నాగా పెట్టలేదనీ చెప్పాడు. కింద పైకప్పు బండ జారి ఒకాయన కాలు నుజ్జయితే స్ట్రెచరు వచ్చేదాకా ఆగకుండా వీపు మీద ఎత్తుకుని పైదాకా మోసుకొచ్చాడని చెప్పాడు. మామిడికాయ తొక్కు తెస్తే సీసాలో సగం ల్యాంపు రూంలోనే వదిలిపెట్టి పోయేవాడని కూడా చెప్పాడు. చెప్తుంటే చెప్పాలనిపించింది. మధ్యలో ఒకసారి నవ్వాడు కూడా.

"మంచోడు మేడం. మంచోడని రాసుకోండ్రి. ఎవలడిగినా నేను గదే చెప్త."

ఆమె పేజీల మీద పేజీలు రాసుకుంది. లేచేటప్పుడు ఒక్క సాయం అడిగింది. ఓదెలు తల్లి ఐలవ్వ తనతో మాట్లాడటం లేదట. రెండుసార్లు పోతే రెండుసార్లూ తలుపు వేసుకుందట. పెద్దమనిషిగా ఒక మాట చెప్పగలరా అంది.

చెప్తానని సదానందం వెంటనే ఒప్పుకున్నాడు. అంత తొందరగా ఎందుకు ఒప్పుకున్నాడో ఆయనకే తర్వాత అర్థమై సిగ్గేసింది. చవకగా ఒక పుణ్యం దొరికినట్టు అనిపించింది, అంతే.

"థాంక్సండీ. ఇక్కడ ఆయన పేరెత్తితే అందరూ తప్పుకుంటున్నారు. మీరు పోలీసుల తరఫు సాక్షి. అయినా ఇంతసేపు కూర్చోబెట్టి ఇంత మంచిగా చెప్పారు. మీలాంటి వాళ్లు తక్కువ," అంది అనూహ్య.

సదానందం ఆమె లేచిన స్టూలును గుడ్డతో తుడిచాడు. కాళ్లతో సహా తుడిచాడు.

ఆ రాత్రి కాక మరునాడు సాయంత్రం, మొదటి షిఫ్టు చేసి వచ్చి, క్వార్టరు ముందర మంచం వాల్చుకుని కూర్చున్నప్పుడు సదానందం ఆ సంగతి భార్యకు చెప్పాడు. సారక్క గోంగూర తెంపుతోంది. ఓదెలు పేరు వినగానే చెయ్యి ఆగింది, మళ్లీ ఆడింది. మూడేళ్లుగా ఆ ఇంట్లో ఆ పేరు ఎవరూ పైకి అనలేదు.

అప్పుడే ఆమె తమ్ముడు రాజలింగు బండి మీద వచ్చాడు. పొట్లంలో మిరపకాయ బజ్జీలు తెచ్చాడు. వాడూ అదే బాయిలో పంపు ఆపరేటరు. ఎవరో మేడం వచ్చి ఓదెలు గురించి అడుగుతోందని బాయి మీద విన్నాడట, ఆ భయంతోనే వచ్చాడు. బావ ఏమేం చెప్పాడో ఒక్కొక్కటే అడిగి తెలుసుకున్నాక మొహం తేటపడింది.

"మస్తు పని చేసినవు బావా. ఇగ వాన్ని ఉరి తియ్యరు. యావజ్జీవం జేస్తరు. పద్నాలుగేండ్లయినంక ఇంటికొస్తడు."

"పద్నాలుగేండ్లు నీకు బజ్జీ తిన్నంత సేపు అనిపిస్తాంది," అంది సారక్క.

"నేనేమన్న పొమ్మన్ననా అక్కా వాన్ని జైలుకు?"

"బాయిలకు పొమ్మన్నవు."

రాజలింగు బజ్జీ పొట్లంలో పెట్టేశాడు. ఆ మాట నిజమే. ఆ జాతర నాటికి వాడు ఇంకా బదిలీ వర్కరు, ఎవరైనా రాని రోజే పని దొరికేది. పర్మినెంటు కావాలంటే ఏడాదికి నూట తొంభై మస్టర్లు, అంటే అన్ని రోజుల హాజరు, పడాలి. నూట ఎనభై తొమ్మిది పడ్డాయి, గడువుకు ఆ రోజే ఆఖరు, ఆ ఒక్కటీ పడకుంటే మళ్లీ మొదటి నుంచి. అటు చూస్తే జాతరలో బిడ్డ ఎత్తు బెల్లం తూస్తానని మొక్కు. అదీ తప్పేది కాదు. అప్పుడు ఓదెలు తనంతట తానే అన్నాడు, నాకు ఆ రోజు వీక్లీ ఆఫ్, నీ మస్టరు నేను చేస్త పో అని. కరోనా అని అప్పట్లో హాజరు వేసే వేలిముద్రల మిషను మీద గోనెసంచి కప్పి ఉంచారు. అందరి మూతికీ మాస్కు, నెత్తికి టోపీ. బిళ్ల ఎవరిదైతే మస్టరు వాళ్లది. రాజలింగు జాతరకు పోతూ బిళ్ల అక్క దగ్గర పెట్టి పోయాడు. సారక్క తన చేతులతో ఓదెలుకు ఇచ్చింది. సదానందం కిటికీలోంచి ల్యాంపు ఇచ్చాడు. మొహం చూడకపోయినా ఆ చెయ్యి ఎవరిదో ఆయనకు తెలుసు. నవ్వుకుంటూనే ఇచ్చాడు. బాయి మీద ఒకరికొకరు ఇలా చేసుకోవడం కొత్త కాదు. రెండో షిఫ్టు, మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి పదకొండు దాకా, ఓదెలు ఎక్కడో కింద నీళ్ల గుంట దగ్గర ఒక్కడే పంపు నడిపాడు. అదే సాయంత్రం ఎనిమిది తొమ్మిది మధ్య, ఊరంతా జాతరకు పోయి ఖాళీగా ఉన్నప్పుడు, కమాన్‌పూర్ దగ్గర ఆ ముగ్గురూ హతమయ్యారు.

"బావ కోర్టుల చెప్పింది ల్యాంపు బుక్కుల ఉన్నదే గదా," అన్నాడు రాజలింగు. గొంతు తగ్గింది.

కాసేపటికి వాడు బండి ఎక్కి వెళ్లిపోయాడు. బజ్జీల పొట్లం మంచం మీదే ఉండిపోయింది. సారక్క గోంగూర కాడలు పోగుచేసి లేస్తూ, ఐలవ్వ దగ్గరికి పొద్దున్నే పొమ్మంది. ఎండెక్కితే బస్సులుండవని.

గురువారం నుంచి సదానందానికి రెండో షిఫ్టు. పొద్దున ఏడింటికే బయలుదేరాడు. ఐలవ్వ వాళ్ల ఊరు ఓపెన్‌కాస్టు గని తవ్వకంలో పోయింది. కమాన్‌పూర్ దాటాక పునరావాస కాలనీలో వరసగా కట్టిన ఇళ్లలో ఒకదాంట్లో ఉంటోంది. వాకిట్లో నీడకు గోడకానుకుని కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చేస్తోంది. తడిపిన తునికాకు తీసి, రేకు పెట్టి, కత్తెరతో చుట్టూ కోసి, చిటికెడు తంబాకు వేసి, చుట్టి, దారం కట్టి, మూతి లోపలికి మడిచి చాటలో పడేస్తోంది. ఆ చేతుల్నే చూస్తూ నిలబడ్డాడు సదానందం.

ఆమే తలెత్తింది. గుర్తుపట్టగానే చాట పక్కన పెట్టి, మోకాళ్లు పట్టుకుని లేవబోయింది. సదానందం వారించాడు. ఆమె వినలేదు. లేచి, లోపలి నుంచి కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి వేసింది. తను కింద కూర్చుంది.

"నువ్వొస్తవని అనుకోలే బిడ్డా. నేనే నీ ఇంటికి రావాలె. రావొద్దా? ఏ మొకం పెట్టుకొని వస్తనని ఆగిన."

తిట్టడానికి మొదలుపెట్టిందనుకున్నాడు సదానందం. తిట్టినా బాగుండేది.

"నా కొడుకు నీ పేరు బద్నాం జేసిండు. నీ చేతుల ల్యాంపు దీస్కున్న అని నిండు కోర్టుల అబద్దం ఆడిండు. నిన్ను గుంజుకపోయి బోనుల నిలవెట్టిండ్రు వాని వల్ల. ముప్పై ఏండ్ల నౌకరి చేసినోనివి, ఒక్క మాట పడనోనివి. నన్ను మాఫ్ చెయ్ బిడ్డా," అంది ఐలవ్వ. రెండు చేతులూ జోడించింది. వేళ్లకు తంబాకు పొడి అంటి ఉంది.

"అట్లనకు అవ్వా," అన్నాడు.

ఆమె చెప్పుకుంటూ పోయింది. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పుకోనట్టుంది. మొదట్లో కొడుకు మాటే నమ్మిందట. పోలీసులు కొడితే ఒప్పుకున్నాడు గాని చెయ్యలేదనే అనుకుందట. పాలివాళ్లతో భూమి తగాదా ఉన్నమాట నిజమే గాని పసిపిల్ల మీద చెయ్యి వేస్తాడా అని ఊరంతటితో కొట్లాడిందట. సదానందం బోనెక్కి చెప్పిన రోజు ఆమె కోర్టులోనే, వెనక బల్ల మీద ఉంది. ఒకరి ల్యాంపు ఇంకొకరికి ఇచ్చే పద్ధతి మా దగ్గర లేదని ఆయన అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆమెకు నమ్మకం పోయింది.

"నీ మాట నేనెట్ల కాదంట? మా ఇంటాయన బాయిల పోయిన్నాడు ఎవలు నిజం చెప్పిండ్రు నాకు? ఒకలు దవాఖానకు కొంచవోయిండ్రంటరు. ఒకలు జర దెబ్బ తాకిందంటరు. దొరలందరు అబద్దమే ఆడిండ్రు. నువ్వొక్కనివే కిటికీల నుంచి చెప్పినవు. 'అవ్వా, బిళ్ల ఇంక మేకుకే ఉన్నది, ల్యాంపు రాలే' అని. గా దినం కెల్లి నాకు నీ మాట అంటే దేవుని మాట."

సదానందం కుర్చీ అంచు పట్టుకున్నాడు. ఆ రోజు ఆయనకూ గుర్తుంది. అప్పటికి ఉద్యోగంలో చేరి పదేళ్లయినా కాలేదు. ఈమె కిటికీ ఊచలు పట్టుకుని నిలబడితే అబద్ధం చెప్పబుద్ధి కాలేదు, అంతే. దాన్ని ఈమె ఇన్నేళ్లు దాచుకుంది. దాచుకున్నదంతా తెచ్చి కొడుకు మీద తూకం వేసింది.

కోర్టు నుంచి ఆమె నేరుగా జైలుకు పోయిందట. ఇనుప జాలీ ఇవతల నిలబడి, చేసింది ఒప్పుకో బిడ్డా, తప్పయిందని జడ్జి కాళ్లు పట్టుకో అని చెప్పిందట. ఓదెలు మొదట చాలాసేపు తల్లి మొహమే చూశాడట. తర్వాత తలకాయ దించుకుని, సరే అవ్వా, నువ్వు ఏడువకు అన్నాడట. అదే ఆఖరు. ఏడాదిన్నర దాటింది, ఆమె మళ్లీ పోలేదు. ఉరిశిక్ష అని టీవీలో చెప్పిన రోజు కూడా పోలేదు. చనిపోయిన ఆ పిల్ల తల్లి ఇదే కాలనీలో నాలుగో వరసలో ఉంటుంది, ఆమె ఎదురుపడితే ఐలవ్వ గోడ వైపు తిరిగి నిలబడుతుంది.

"హైదరాబాద్ పిల్ల వస్తే ఏం చెప్పాలె నేను? నా కొడుకు మంచోడని ఏ నోటితోని చెప్పాలె?"

సదానందం తను వచ్చిన పని చెప్పాడు. ఆ అమ్మాయితో మాట్లాడమన్నాడు. ఆ మాటలు తన నోటి నుంచి రావడం ఆయనకే వినపడింది. అప్పుడే ఆ కుర్చీలో కూర్చునే నిజం చెప్పొచ్చు. వాకిట్లో వాళ్లిద్దరు తప్ప ఎవరూ లేరు. చెప్పలేదు.

"నువ్వు చెప్పుమంటె చెప్త," అంది ఐలవ్వ. "గని నువ్వు గూడ పక్కకు కూసో. నువ్వుంటె నాకు ధైర్నం."

ఆమె చాయ్ పెట్టి ఇచ్చింది. తాగాడు. గ్లాసు కడిగి పెడతానంటే ఒప్పుకోలేదు.

ఇంటికి వచ్చి డ్యూటీకి తయారవుతూ సారక్కతో ఒక్క మాటే అన్నాడు.

"ఐలవ్వ నన్ను మాఫీ అడిగింది."

సారక్క టిఫిన్‌లో సద్ది కడుతోంది. కట్టిన సద్ది విప్పి మళ్లీ కట్టింది. ఆ షిఫ్టులో సదానందం రెండుసార్లు నంబరు తప్పి ల్యాంపు ఇచ్చాడు. కుర్రవాళ్లు వెనక్కి తెచ్చి, నీకు రిటైర్మెంటు రోజులొచ్చినయి కాకా అని నవ్వారు.

అనూహ్య శుక్రవారం పదింటికి ఐలవ్వ ఇంటికి వచ్చింది. సదానందం ముందే వచ్చి కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, ఎందుకో ఆయనకే తెలియదు. ఐలవ్వ వాకిలి ఊడ్చి, చాప పరిచి, తలకు నూనె రాసుకుని ఉంది. బీడీల చాట లోపల పెట్టేసింది. చేతులకు పని లేక వేళ్లు వాటంతటవే చుట్టుకుంటున్నాయి.

అనూహ్య మెల్లగా మొదలుపెట్టింది. ఓదెలు చిన్నప్పటి సంగతులు అడిగింది. ఎప్పుడు నడిచాడు, ఏం తినేవాడు, బడిలో ఎలా ఉండేవాడు. ఐలవ్వ ఒకటి రెండు చెప్పింది. ఏడో తరగతి దాకా చదివాడంది. కోడిని కోస్తుంటే ఇంట్లో ఉండేవాడు కాదంది. ఆ మాట చెప్పి ఆగిపోయింది. చెప్పిన మాట తనకే పొసగనట్టు సదానందం వైపు చూసింది. ఆయన అవుననీ కాదనీ తల ఊపలేదు.

ఐలవ్వ కొంగు సరిచేసుకుంది.

"ఇగ ఇవన్ని ఎందుకు బిడ్డా. రాసుకో. నా కొడుకు తప్పు చేసిండు. పసిపిల్ల పానం తీసిండు. నేను కన్నతల్లిని, నేనే చెప్తాన. గని వాన్ని సంపకుండ్రి. నా పానం పోయినంక ఏమన్న చేసుకోండ్రి."

అనూహ్య పెన్ను కాయితం మీద పెట్టింది. మొదటి రెండు మాటలు రాసింది కూడా. సదానందానికి ఆ అక్షరాలు తలకిందులుగా కనబడుతున్నాయి. నా కొడుకు, అని ఉంది.

"రాయకుండ్రి మేడం."

ఇద్దరూ చూశారు.

"గది రాయకుండ్రి. ఆ దినం ఓదెలు బాయిలనే ఉండె. వాడు రాజలింగు బిళ్ల పట్టుకొని వచ్చిండు, నంబరు నాలుగొందల పదహారు. నేనే ల్యాంపు ఇచ్చిన. మూడింటికి దిగిండు, రాత్రి పదకొండింటికి తెచ్చి నాకే ఇచ్చిండు. రాజలింగు నా బామ్మర్ది, జాతరల ఉండె. కోర్టుల నేను చెప్పింది అబద్దం."

చెప్పడానికి చాలా సేపు పడుతుందని మూడేళ్లు అనుకున్నాడు. ఇంతే పట్టింది.

అనూహ్య పెన్ను మూత పెట్టి, మళ్లీ తీసింది. ఆమె గొంతు మారింది, మెల్లగా, ఒక్కొక్క మాటా జాగ్రత్తగా అడగసాగింది. పోలీసులకు ఎందుకు చెప్పలేదంది. చెప్పాడు. మొదటిసారి పోలీసులు వచ్చినప్పుడు బుక్కులో ఏముందో, ఆ రోజు రాజలింగు దిగినట్టు, ఓదెలు దిగనట్టు, అదే చూపించాడు. తను నోరు విప్పితే తన ఉద్యోగం, రాజలింగు ఉద్యోగం రెండూ పోతాయి. చెయ్యనివాడిని కోర్టు ఎలాగూ వదిలేస్తుందిలే అనుకున్నాడు. తర్వాత బుక్కు కోర్టుకు పోయింది, బుక్కు వెనకే తనూ పోవాల్సి వచ్చింది. అక్కడ ప్రమాణం చేసి చెప్పాక ఇక వెనక్కి రావడానికి దారి కనపడలేదు. ఉరి అన్న రోజు నుంచి మూడు రోజులు అన్నం తినలేదు. నాలుగో రోజు తిన్నాడు.

"ఇది మా వకీలుగారి ముందు చెప్పాలి. అఫిడవిట్ రాయాలి. హైకోర్టు మిమ్మల్ని మళ్లీ పిలవచ్చు. అబద్ధపు సాక్ష్యం చెప్పినందుకు మీ మీద కేసు పెట్టొచ్చు, జైలు కూడా పడొచ్చు. తెలిసే చెప్తున్నారా?"

"తెలుసు మేడం."

ఐలవ్వ అప్పటిదాకా కదల్లేదు. ఆమె ఏడుస్తుందనో, మీదపడి కొడుతుందనో సదానందం ఎదురుచూశాడు. ఆమె ఆయన వైపు చూడనే లేదు. తన రెండు చేతులూ ఒళ్లో బోర్లా పెట్టుకుని వాటినే చూస్తోంది.

"నేను ఒప్పుకో అన్న వాన్ని," అంది. "సరే అన్నడు. నేను ఏడుస్తనని సరే అన్నడు."

ఆ మాట రెండుసార్లు అంది. తర్వాత అనూహ్యను అడిగింది, వాడిప్పుడున్న హైదరాబాదు జైల్లో ములాకత్ ఏ రోజు బిడ్డా అని. సోమవారం పోవచ్చు, నేను గేటు దగ్గరుంటాను అంది అనూహ్య. ఐలవ్వ తల ఊపింది. అప్పుడు మొహం తిప్పకుండానే సదానందంతో మాట్లాడింది.

"నువ్వు గూడ రావాలె. నేను చెప్తె వాడు నమ్మడు. మా అవ్వ మనసు మార్చుకున్నది పాపం అనుకుంటడు. నువ్వే చెప్పు వానికి."

ఆదివారం క్వార్టర్లో రాజలింగు గొడవ చేశాడు. బావ తన పెళ్లాం పిల్లల నోట్లో మన్ను కొట్టాడన్నాడు. తను అలాంటిదేమీ లేదని చెప్తానన్నాడు, జాతరకు పోలేదనే చెప్తానన్నాడు. ఆ తర్వాత గడప మీద కూలబడి, ఆ రోజు జాతరలో తన బిడ్డకు బొమ్మ కొనమని ఓదెలే డబ్బులిచ్చాడని చెప్పి మొహం కప్పుకున్నాడు. సారక్క వాడి దగ్గరికి పోలేదు. లోపలి నుంచే భర్తను అడిగింది, తన పేరు చెప్పావా అని. లేదన్నాడు.

"ఎందుకు చెప్పలే? బిళ్ల ఇచ్చింది నేను. వకీలుకు నా పేరు గూడ చెప్పు," అంది. చెప్పి, పొద్దున ప్రయాణానికి ఆయన చొక్కా ఉతకడానికి పోయింది.

సోమవారం గోదావరిఖని బస్టాండులో హైదరాబాదు బస్సు ఆరున్నరకు కదిలింది. ఐలవ్వ ముందే వచ్చి, ఇద్దరు కూర్చునే సీటులో కిటికీ పక్కన కూర్చుంది. పక్క సీటు మీద సంచి పెట్టుకుంది. సంచిలో కొడుకు కోసం ఏదో ఉంది, పైన తువ్వాల కప్పి ఉంది. సదానందం ఎక్కి ఆ సీటు దాకా వచ్చి ఆగాడు. ఆమె సంచి తియ్యలేదు. ఆయన అడగలేదు. పై కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. మిగతా సీట్లన్నీ పెద్దపల్లిలో నిండిపోయాయి.

కండక్టరు వచ్చాడు. ఐలవ్వ ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్టు తీసుకుంది. సదానందం తనకు ఒక్కటి తీసుకున్నాడు. పక్కన ఖాళీ ఉంది కదా, సంచి కింద పెట్టుకుంటే పెద్దాయన కూర్చుంటాడు కదా అని కండక్టరు అన్నాడు. ఐలవ్వ వినపడనట్టు కిటికీలోంచి చూసింది. ఫర్వాలేదు, నిలబడతానని సదానందమే చెప్పాడు.

సుల్తానాబాద్ దాటింది. కరీంనగర్‌లో కొందరు దిగారు, అంతకంటే ఎక్కువ మంది ఎక్కారు. సదానందానికి మోకాళ్లు లాగుతున్నాయి. ల్యాంపు రూంలో షిఫ్టంతా నిలబడేవాడే గాని అక్కడ నేల కదలదు. కరీంనగర్ వంతెన దాటాక ఐలవ్వ మొదటిసారి మాట్లాడింది. మొహం కిటికీ వైపే ఉంది.

"ఆ దినం వాడు సద్ది కొంచవోయిండా?"

"కొంచవోయిండు అవ్వా. స్టీలు టిఫిన్. మూత లూజుందని గుడ్డ గట్టుకున్నడు. ఎర్ర గుడ్డ."

"నా పాత రవికె గుడ్డ," అంది ఐలవ్వ. "ఏమన్న మాట్లాడిండా నీతోని?"

"'జర జల్ది ఇయ్యి కాకా' అన్నడు. 'అవ్వకు జరమున్నది, గోలీలు నా జేబులనే ఉండిపోయినయి, ఊరికి పోయేటోళ్లతోని పంపాలె' అన్నడు. గోలీల పొట్లం ఎవలికో ఇచ్చినంకనే దిగిండు."

ఐలవ్వ తలాడించింది. అవును, జ్వరముండె, గోలీలు ఎవరో తెచ్చి ఇచ్చిండ్రు అని తనలో తాను అనుకుంది. ఎవరు తెచ్చిచ్చారో గుర్తు చేసుకోవడానికి చూస్తోంది, దొరకడం లేదు. చేత్తో సంచి మీది తువ్వాల సవరించింది. బస్సు ఒక ట్రాక్టరును దాటి స్పీడందుకుంది.

అప్పుడు ఆమె తిరిగి, శుక్రవారం నుంచి మొదటిసారి, ఆయన మొహంలోకి చూసింది.

"గిదంత కోర్టుల యాదికి రాలేదా నీకు?"

సదానందం ఏదో అన్నాడు. బస్సు మోతలో ఆమెకు వినపడలేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, గట్టిగ చెప్పు అంది. ముందు సీటులో వాళ్లు వెనక్కి తిరిగి చూశారు. కండక్టరు కూడా చూశాడు.

"అప్పుడు గూడ యాదికుండె అవ్వా," అన్నాడు సదానందం, అందరికీ వినపడేలా.

ఆమె ఇంకా ఆయన్నే చూస్తోంది. ఆయన తల దించుకోకుండా, కడ్డీ పట్టుకుని, అలాగే నిలబడ్డాడు.